నెల్లిమర్ల రోడ్డు కొత్తగా కట్టమని అడగబోతున్నాం, అర్జీలో ఏం రాయాలి?

దాసన్నపేట కుర్రాడు | శుక్రవారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్ళే రోడ్డు గురించి మీ సలహా కావాలి. పాలకొండ, రాజాం, చీపురుపల్లి బస్సులు ఇటే పోవాలి. నెల్లిమర్ల మెడికల్ కాలేజీకి వెళ్ళే అంబులెన్సులు ఇటే. రామతీర్థం భక్తులు ఇటే. జూట్ మిల్లు నడిచే రోజుల్లో షిఫ్టు వదిలితే సైకిళ్ళన్నీ ఇటే. ఇక స్కూలు బస్సులు, ఆటోలు, ఇసుక ట్రాక్టర్ల సంగతి చెప్పక్కర్లేదు. ఊరి చివర ఇళ్ళు పెరిగాయి, కొట్లు పెరిగాయి. రోడ్డు మాత్రం అలాగే ఉంది.

పోయిన నెల వాన నీళ్ళ కింద గొయ్యి కనబడక మా నాన్న బండి మీంచి పడ్డారు. మణికట్టు విరిగింది. అప్పటి నుంచి మా వీధిలో పదిమందిమి కూర్చుని ఇదే మాట్లాడుకుంటున్నాం. గోతులు పూడ్చమని ఏటా అడుగుతున్నాం, ఏటా పూడుస్తున్నారు, మళ్ళీ వానకి లేచిపోతున్నాయి. ఈసారి గోతుల మాట వదిలేసి, రోడ్డునే మొదటి నుంచి ప్లాన్ చేసి కట్టమని సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెడదామనుకున్నాం.

నా ఆలోచన ఇది: నాలుగు వరసల రోడ్డు, మధ్యలో డివైడర్, సెంట్రల్ లైటింగ్. ఇంకేం రాయాలో చెప్పండి. ఎస్టిమేట్ వేసేశాక ఎంత మొత్తుకున్నా మారదు, అందుకే ఇప్పుడే అడుగుతున్నాను.

హైదరాబాద్‌లో ఉన్న మనూరోడు | శుక్రవారం, రాత్రి 9:48

నాలుగు వరసలే రాయండి తమ్ముడూ. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నెల్లిమర్ల చేరడానికి పట్టిన టైము చూసి ఏడుపొచ్చింది. రేపు భోగాపురం ఎయిర్‌పోర్టు వల్ల చుట్టుపక్కల అంతా పెరుగుతుంది. చిన్నగా ఆలోచించొద్దు.

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్ | శుక్రవారం, రాత్రి 10:35

బాబూ, ముందు నాన్నగారి చెయ్యి ఎలా ఉందో చెప్పు.

నేను ఉద్యోగం అంతా రోడ్డు పనుల మీదే చేశాను. రోలర్ వెనక నడిచి నడిచి మోకాళ్ళు అరిగాయి. నీ అర్జీలో మొట్టమొదటి మాట డివైడర్ కాకూడదు, కాలువ కావాలి. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

రోడ్డంటే పైన కనబడే నల్లటి పొర ఒక్కటే కాదు. కింద దిమ్మిసు కొట్టిన మట్టి కట్ట, దాని మీద గ్రావెల్, కంకర కలిపిన జీఎస్‌బీ పొర, ఆ పైన వెట్‌మిక్స్, అంటే నీళ్ళతో కలిపి పరిచి రోలర్ తొక్కించిన కంకర, అప్పుడు తారు. లారీ బరువు ఒక్కో పొర మీదుగా పంచుకుంటూ మట్టిలోకి దిగుతుంది. మట్టి పొడిగా ఉన్నంతకాలం మోస్తుంది. నానిందంటే మెత్తబడిపోతుంది. పైన ఎంత మందం తారు పోసినా కింద ఊబి ఉంటే నిలవదు. ఇంకో సంగతి, నీళ్ళు నిలిస్తే కంకరకీ తారుకీ మధ్యలోకి దూరి అతుకు విడదీస్తాయి. దాని మీద బస్సు చక్రం పడగానే కంకర ఊడి వస్తుంది. మీ నాన్నగారు పడ్డ గొయ్యి అలాగే పుట్టి ఉంటుంది. అందులో ఇంత కంకర, ఇంత తారు వేసి కప్పితే నీళ్ళు వచ్చే దారి అలాగే ఉంటుంది కదా.

తారు రోడ్డుకి మధ్య నుంచి అంచుకి నూటికి రెండు, రెండున్నర వంతుల వాలు ఉండాలి. మూడున్నర మీటర్ల వరసకి ఏడు నుంచి తొమ్మిది సెంటీమీటర్లు. ఆ వాలులో జారిన నీళ్ళు పడటానికి అంచున కాలువ ఉండాలి, ఆ కాలువకి వాలు ఉండాలి, చివర అది కలవడానికి ఒక గెడ్డో (చిన్న వాగు) చెరువో ఉండాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా మిగతా రెండూ దండగే. కాలువ కట్టించి, చివర ఎక్కడా కలపకుండా వదిలేసిన పనులు నా సర్వీసులో చాలా చూశాను. వాటిలో దోమలు తప్ప నీళ్ళు పారవు.

గడప కిందికి దిగినిల్లు | శనివారం, ఉదయం 6:15

ఇన్‌స్పెక్టర్ గారూ, మీరు చెప్పింది చదివి రాత్రి నిద్ర పట్టలేదు. మా ఇల్లు సరిగ్గా రోడ్డు మీదే. నేను కాపురానికి వచ్చినప్పుడు మూడు మెట్లు ఎక్కి ఇంట్లోకి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు రోడ్డు మీంచి ఒక మెట్టు దిగి వెళ్తున్నాం. ఇల్లు కుంగలేదు, రోడ్డే లేచింది. వేసిన ప్రతిసారీ పాత తారు మీదే కొత్త తారు వేశారు.

2014లో హుద్‌హుద్ రోజున గాలికి భయపడ్డాం గానీ, 2021లో గులాబ్ తుపాను వానకి భయపడినంత భయపడలేదు. ఆ రాత్రి నీళ్ళు హాల్లోకి వచ్చాయి. బియ్యం డబ్బా మంచం మీద పెట్టుకుని, మా అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి ఆ కుర్చీ బల్ల మీద పెట్టాం. ఇప్పుడు కొత్త రోడ్డంటున్నారు. అది ఇంకో జానెడు లేస్తే మేం ఎక్కడికి పోవాలి? అర్జీలో మా గడపల మాట కూడా రాయండి బాబూ.

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్ | శనివారం, ఉదయం 7:02

తప్పకుండా రాయాలమ్మా. దానికి పద్ధతి ఉంది. కొత్త పొర వేసేముందు పాత తారుని మిషన్‌తో గీకి తీసేయాలి, మిల్లింగ్ అంటారు. మొత్తం రోడ్డు తిరగ కడుతున్నప్పుడు అయితే అడుగు దాకా తవ్వి, పై మట్టం ఎక్కడ ఉండాలో ముందే తేల్చాలి. అర్జీలో ఇలా ఉండాలి: "రోడ్డు పై మట్టాన్ని ఇరువైపులా ఉన్న ఇళ్ళ గడపల మట్టం చూసి నిర్ణయించాలి, లెవెల్స్ తీసేటప్పుడు ప్రతి ఇంటి గడప మట్టం కూడా నమోదు చేయాలి." సర్వేలో గడపలు ఎక్కకపోతే డ్రాయింగులో మీ ఇల్లు ఉండనే ఉండదు.

కిరాణా కొట్టు | శనివారం, ఉదయం 9:30

అందరూ రోడ్డు పెద్దది చేయమంటున్నారు. నాలుగు వరసలంటే మా కొట్టు సగం పోతుంది. మా నాన్న కట్టిన కొట్టు, బ్యాంకు లోను ఇంకా తీరలేదు. ఎప్పుడో ఒకసారి ఎవరో వచ్చి గోడ మీద ఎర్ర గీత గీసి వెళ్ళారు. అది ఎందుకో ఈ రోజుకీ ఎవరూ చెప్పలేదు. ఆ గీత చూసినప్పుడల్లా టెన్షనే. పైన ఒక గది వేసుకుందామన్నా ధైర్యం చాలడం లేదు. నేను అభివృద్ధికి అడ్డం కాదు. నాకు తెలియకుండా నా గోడ కూలకూడదు, అంతే.

హైదరాబాద్‌లో ఉన్న మనూరోడు | శనివారం, ఉదయం 9:52

అన్నా, అందరి మంచికోసం కొందరు కొంచెం వదులుకోవాలి. లేకపోతే ఏ రోడ్డూ పెరగదు.

కిరాణా కొట్టు | శనివారం, ఉదయం 9:58

వదులుకునేది నీది కానప్పుడు ఆ మాట తేలిగ్గా వస్తుంది తమ్ముడూ.

సర్వే గొలుసు | శనివారం, ఉదయం 11:10

ఇద్దరూ ఆగండి. నేను సర్వే పనిచేసి రిటైరైనవాణ్ణి. మాటకి ముందు కాగితం చూడాలి.

మొదటిది. తారు ఎంత వెడల్పు ఉందో అదే రోడ్డు వెడల్పు కాదు. రికార్డులో రోడ్డు పోరంబోకు అని హద్దు ఉంటుంది. మండల సర్వేయర్ దగ్గర ఎఫ్‌ఎంబీ, అంటే సర్వే నంబర్ల కొలతల పటం, నకలు తీసుకుంటే తెలుస్తుంది. చాలాచోట్ల తారు అంచు నుంచి ఆ హద్దు దాకా రెండు మూడు గజాలు ఉంటుంది. దాని మీద మెట్లు, రేకుల పంచలు, ఇసుక కుప్పలు ఉంటాయి. ఆ జాగా బయటికి తీస్తే ఎవరి గోడా ముట్టుకోకుండానే కాలువకీ నడకదారికీ చోటు రావచ్చు. కాబట్టి అర్జీలో ముందు "రోడ్డు హద్దులు కొలిచి రాళ్ళు పాతండి" అని అడగండి.

రెండోది. నిజంగా ప్రైవేటు స్థలం కావాలంటే 2013 భూసేకరణ చట్టం ఉంది. 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చాక అభ్యంతరం రాసివ్వడానికి 60 రోజులు ఉంటుంది. లెక్కగట్టిన పరిహారం మీద సొలేషియం, అంటే స్థలం పోయినందుకు ఊరటగా ఇచ్చే సొమ్ము, నూటికి నూరు శాతం అదనం. సొంత భూమి లేకపోయినా, మూడేళ్ళుగా అక్కడి పని మీదే ఆధారపడి బతికే కౌలుదారుల్ని, చేతివృత్తులవాళ్ళని కూడా ప్రభావిత కుటుంబాల్లో లెక్కిస్తారు. ఊళ్ళో రోడ్ల విస్తరణకి టీడీఆర్ బాండు ఇచ్చే పద్ధతి కూడా మన రాష్ట్రంలో ఉంది. పోయిన స్థలానికి బదులు వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు అది, అమ్ముకోవచ్చు కూడా. డబ్బు కావాలా బాండు కావాలా అని అడిగితే వెంటనే సంతకం పెట్టొద్దు. బాండు కొనేవాళ్ళు దొరుకుతారా లేదా కనుక్కుని పెట్టండి.

గోడ మీద గీత నోటీసు కాదు. సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అడిగితే ఆ గీత ఏ ప్లాన్ ప్రకారం గీశారో 30 రోజుల్లో చెప్పాలి. కిరాణా కొట్టు బాబూ, దరఖాస్తు నేను రాసిపెడతాను, సాయంత్రం రండి.

కిరాణా కొట్టు | శనివారం, ఉదయం 11:26

వస్తాను మాస్టారూ. ఇన్నేళ్ళలో ఈ మాత్రం చెప్పినవాళ్ళు లేరు.

చంపావతి టీచర్ | శనివారం, మధ్యాహ్నం 2:40

నేను రోజూ బస్సులో నెల్లిమర్ల వైపు వెళ్ళి వస్తాను. మీ చర్చ అంతా చదివాను. అందులో కార్లు, లారీలు, కొట్లు, ఇళ్ళు వచ్చాయి. రోడ్డు దాటేవాళ్ళు రాలేదు.

మా స్కూలు గేటు రోడ్డు మీదే. సాయంత్రం బెల్లు కొట్టగానే పిల్లలు గుంపుగా బయటికి వస్తారు. ఇద్దరు టీచర్లం రోడ్డు మధ్యలో చేతులు చాపి నిలబడి దాటిస్తాం. ఒకరోజు నాకు జ్వరం వచ్చి వెళ్ళలేదు. ఆ సాయంత్రం ఐదు గంటల దాకా ఫోను చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాను. ఏ పిల్లకి ఏమైందోనని. నాలుగు వరసలు చేసి వేగం పెంచితే, ఆ రోడ్డు మా ఆరో తరగతి పిల్ల ఎలా దాటాలి?

బస్సు స్టాపు ఇంకో బాధ. నీడ లేదు. వానొస్తే కొట్టు పంచలోకి, బస్సొస్తే బురదలోకి. ముసలమ్మలు మోకాలెత్తు ఫుట్‌బోర్డు ఎక్కలేక పడుతున్నారు. ఆడవాళ్ళకి చీకటి పడితే ఆ స్టాపులో నిలబడాలంటే భయం. సెంట్రల్ లైటింగ్ రోడ్డు మధ్యలో వెలుగుతుంది, మేం నిలబడే అంచున కాదు.

ఆటోస్టాండ్ | శనివారం, మధ్యాహ్నం 3:15

మేడమ్ గారు చెప్పింది కరెక్ట్. మాకూ ఒక బాధుంది. ఆటో ఆపుకోడానికి చోటు ఏదీ? ఎవరైనా చెయ్యెత్తితే రోడ్డు మీదే ఆపాలి. వెనకున్న బస్సోడు హారన్ కొడతాడు, తిడతాడు. ఏటి చెయ్యమంటారు? చోటు చూపిస్తే అక్కడే ఆపుతాం.

డివైడర్ గురించి కూడా ఒక మాట. డివైడర్ కట్టి తిరగడానికి సందు చాలా దూరంలో పెడితే, జనం అంతదూరం పోరు. ఎదురు దారిలో వచ్చేస్తారు. రాత్రిపూట లైటు లేని బండి ఎదురొస్తే ఎంత ప్రమాదమో బండి నడిపేవాళ్ళకి తెలుసు. సందులు ఎక్కడ పెట్టాలో ఆ వీధులవాళ్ళని అడిగి పెట్టమనండి.

సివిల్ ఫైనలియర్ | శనివారం, రాత్రి 8:20

నేను సివిల్ చదువుతున్నాను. అందరూ నాలుగు వరసలంటున్నారు కదా, కాగితం మీద వేసి చూశాను. పెద్దవాళ్ళు తప్పులుంటే దిద్దండి.

సర్వే మాస్టారు చెప్పినట్టు ఎవరి గోడా ముట్టుకోకుండా 60 అడుగులు దొరికిందనుకుందాం. అంటే 18.3 మీటర్లు. నడిచేవాళ్ళకి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళ ఐఆర్‌సీ 103 కొలతల ప్రకారం స్తంభాలు, బోర్డులు అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్లు కావాలి. కాలువ మీద పలకలు వేసి అదే నడకదారి చేస్తే స్థలం కలిసొస్తుంది. రెండు వైపులా కలిపి 3.6 మీటర్లు. మిగిలింది 14.7. ఒక్కో వరస 3.5 చొప్పున నాలుగింటికి 14. ఇంకా ఉన్నది 70 సెంటీమీటర్లు. అందులో డివైడర్. అయిపోయింది. బస్సు ఆగడానికి లేదు, ఆటో ఆగడానికి లేదు, కిరాణా కొట్టుకి వచ్చినవాళ్ళు బండి పెట్టడానికి లేదు. అవన్నీ ఎక్కడికీ పోవు కదా, ఎడమ వరసలోనే ఆగుతాయి. అంటే నాలుగు వరసలు కట్టి రెండు వాడుకుంటాం.

ఇంకో రకంగా చూడండి. రెండు వరసలు, 7 మీటర్లు. నడకదారులకి అదే 3.6. మిగిలింది 7.7. ఒక్కో పక్క 3.85 మీటర్లు. అందులో బస్ బే వస్తుంది, ఆటో స్టాండు వస్తుంది, స్కూటర్లు పెట్టుకునే చోటు వస్తుంది, చెట్టు కూడా ఉంటుంది. జంక్షన్ల దగ్గర మాత్రం ఆ జాగాని కుడివైపు తిరిగే వరసకి వాడుకోవచ్చు. ఆగే బండి పక్కకి తప్పుకుంటే వెళ్ళే బండి ఆగదు. మనకి ట్రాఫిక్ ఆగుతున్నది వరసలు చాలక కంటే, ఆగే బండ్లకి చోటు లేక అని నాకనిపిస్తోంది.

హైదరాబాద్‌లో ఉన్న మనూరోడు | శనివారం, రాత్రి 8:51

మరి పదేళ్ళ తర్వాత ట్రాఫిక్ రెట్టింపైతే? అప్పుడు మళ్ళీ తవ్వుతారా?

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్ | శనివారం, రాత్రి 9:30

మంచి ప్రశ్న, కొట్టిపారేయకూడదు. దూరం పోయే లారీని ఊళ్ళోంచి కాకుండా రింగ్ రోడ్డు మీదుగా పంపితే ఈ రోడ్డు మీద బరువు తగ్గుతుంది. ఊరు దాటి పొలాల మధ్యకి వెళ్ళాక నాలుగు వరసలు కట్టినా ఎవరికీ ఇబ్బంది లేదు. ఇళ్ళ మధ్య ముక్కకి ఒక కొలత, బయట ముక్కకి ఇంకో కొలత ఉండాలి. రోడ్డంతా ఒకే కొలత ఉండాలని ఎక్కడా లేదు. ఫైనలియర్ బాబు లెక్క నాకు నచ్చింది. కాలువలూ పైపులూ శాశ్వతంగా అంచున కట్టేస్తే రేపు మధ్యలో గీతలు మార్చుకోవడం తేలిక. కాలువ తప్పుచోట కడితేనే అన్నీ మళ్ళీ తవ్వాలి.

అన్నట్టు పైపుల మాట. కొత్త రోడ్డు వేసిన ఆర్నెల్లకి మంచినీళ్ళ పైపు కోసమనో, కేబుల్ కోసమనో అడ్డంగా కోసేస్తారు. ఆ కోత దగ్గరే రోడ్డు చావడం మొదలుపెడుతుంది. తారు పడకముందే ప్రతి వీధి మలుపు దగ్గరా రోడ్డు కింద ఖాళీ పైపులు అడ్డంగా వేసి వదలాలి. రేపు ఏ తీగైనా అందులోంచి లాగుతారు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. కరెంటు స్తంభాలు జరపడానికి డబ్బు ఎస్టిమేట్‌లోనే ఉండాలి. లేకపోతే స్తంభం రోడ్డు మధ్యలో మిగిలిపోతుంది, రాత్రి ఎవరో ఒకరు గుద్దుకుంటారు.

వేపచెట్టు కింద | శనివారం, రాత్రి 10:12

మా అమ్మ ఈ రోడ్డు పక్కనే ఇడ్లీ బండి పెడుతుంది. ఆ డబ్బుతోనే నేను డిగ్రీ చదివాను. రోడ్డు పని అనగానే ముందు లేపేది మమ్మల్నే. ఎవరూ తిట్టుకోకండి, మేం అడ్డం ఉన్నామని మాకూ తెలుసు. తెల్లవారి ఐదింటికి మిల్లుకి, ఆస్పత్రి డ్యూటీకి పోయేవాళ్ళు మా దగ్గర తినే వెళ్తారు. మాకూ ప్లాన్‌లో నాలుగడుగుల చోటు ఉంటే బాగుండు.

వేప చెట్టు ఉంటుందా? అది లేకపోతే ఎండాకాలం పదింటికే బండి మూసేయాలి.

సర్వే గొలుసు | ఆదివారం, ఉదయం 6:40

అమ్మాయీ, 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో నలభై శాతానికి తక్కువ కాకుండా వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు. సర్వే చేసి సర్టిఫికెట్ ఇవ్వకుండా ఖాళీ చేయించకూడదు. మీ అమ్మగారి పేరు ఆ జాబితాలో ఉందో లేదో ముందు చూడండి. ఫైనలియర్ బాబు చెప్పిన ఆ 3.85 మీటర్లలో బండ్లకి చోటు గీయమని అర్జీలో అడగొచ్చు. చెట్టు కొట్టాలన్నా 2002 వాల్టా చట్టం (నీళ్ళు, భూమి, చెట్ల చట్టం) ప్రకారం అనుమతి కావాలి. చెట్లకి నంబర్లు వేసి, ఏవి ఉంచుతారో ప్లాన్‌లో చూపించమందాం.

గడప కిందికి దిగినిల్లు | ఆదివారం, ఉదయం 7:05

హుద్‌హుద్‌కి మా వీధిలో చెట్లు తీగల మీద పడి చాలా రోజులు కరెంటు లేదు. చెట్లుండాలి, కాదనను. కానీ తీగల కింద కాకుండా అవతలి వరసలో పెట్టమనండి. లేకపోతే విశాఖలో తుపాను తర్వాత చేసినట్టు తీగలే భూమిలోంచి వేయమనండి.

దాసన్నపేట కుర్రాడు | ఆదివారం, మధ్యాహ్నం 12:30

ఇన్‌స్పెక్టర్ గారు, సర్వే మాస్టారు, ఫైనలియర్, నేను నలుగురం పొద్దున్న ఆరున్నర నుంచి పదింటి దాకా రోడ్డు వెంట నడిచాం. బండి మీద వెళ్ళినప్పుడు కనబడనివన్నీ కనిపించాయి.

మా గోతులన్నీ ఒకేచోట ఎందుకు లేస్తున్నాయో అర్థమైంది. అక్కడ రోడ్డు కింద కల్వర్టు ఉంది. దాని మీదే నేను చిన్నప్పటి నుంచి తిరుగుతున్నాను, కింద కల్వర్టు ఉందని తెలియదు. మూడు తూములున్నాయి. రెండు పూర్తిగా పూడిపోయాయి. ఇంటి శిథిలాలు, కొబ్బరి బొండాలు, ప్లాస్టిక్ నిండి ఉన్నాయి. మూడోదాంట్లో జానెడు సందు ఉంది. అవతలి వైపు గెడ్డ ఉండాలి కదా, అక్కడ మట్టి పోసి చదును చేసి ప్లాట్లకి రాళ్ళు పాతారు. ఇన్‌స్పెక్టర్ గారు ఆ రాళ్ళ మధ్య చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డారు. "ఈ నీళ్ళు చెరువు మదుముకి చేరాలి, దారి మూసేశారు" అన్నారు.

వాన నీళ్ళన్నీ అక్కడికి వచ్చి, పోయే దారి లేక రోడ్డెక్కుతున్నాయి. మా నాన్న పడింది ఆ కల్వర్టు పక్కనే.

నిజం చెప్పాలంటే, శుక్రవారం నేను రాసిన మూడు కోరికలూ ఇచ్చేసినా ఈ గొయ్యి మళ్ళీ పడేది.

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్ | ఆదివారం, మధ్యాహ్నం 1:15

నేనూ రాద్దామనే కూర్చున్నాను. పాత కల్వర్టు ఉంది కదా అని అదే సైజుది మళ్ళీ కట్టకూడదు. అది కట్టినప్పుడు పైనంతా పొలం. వాన సగం భూమిలోకి ఇంకేది. ఇప్పుడు పైనంతా స్లాబులు, సిమెంటు రోడ్లు. పడ్డ నీళ్ళు పడ్డట్టే పరిగెత్తుకొస్తాయి. ఎంత మేర నుంచి నీళ్ళొస్తాయో లెక్కగట్టి తూము సైజు తేల్చాలి. గ్రామ పటంలో గెడ్డ హద్దు ఉంటుంది. అది తెరిపించమని వేరే అర్జీ పెట్టాలి, రోడ్డు అర్జీలో కలిపేస్తే రెండూ మరుగున పడతాయి.

ఆ పల్లపు ముక్క వరకు తారు బదులు సిమెంటు రోడ్డు అడగండి. నీళ్ళు నిలిచినా ఓర్చుకుంటుంది. కాకపోతే క్యూరింగ్‌కి, అంటే తడుపుతూ గట్టిపడనివ్వడానికి, టైము ఇవ్వాలి, పూర్తి బలానికి 28 రోజులు లెక్క. కాబట్టి సగం వెడల్పు కట్టి, సగం మీద బండ్లు పంపాలి.

పని ఎప్పుడు మొదలుపెట్టాలన్నదీ రాయండి. మనకి జూన్ నుంచి వానలు, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. డిసెంబరులో కాలువ తవ్వకం మొదలైతే మే లోపల తారు పడాలి. టెండర్లు ఆ లెక్కన ముందే పిలవాలి. వేసవిలో పిలిచి వానాకాలంలో తవ్వి వదిలేస్తే ఆ ఏడాదంతా జనానికి నరకం. మధ్యలో ముక్కోటి, శివరాత్రి, శ్రీరామనవమి వస్తాయి, రామతీర్థానికి జనం పోటెత్తుతారు. ఆ రోజులకి రెండు వైపులా దారి తెరిచి ఉంచాలని షరతు పెట్టమనండి. అంబులెన్సుకి ఒక వరస ఎప్పుడూ ఖాళీగా ఉండాలి.

రోడ్డు ఏ శాఖదో కూడా కనుక్కోండి. ఊరి హద్దు లోపల ఒకరిది, బయట ఇంకొకరిది అయితే, కాలువ ఇవతల ఒక మట్టంలో, అవతల ఇంకో మట్టంలో కడతారు. ఇద్దరి డ్రాయింగులూ ఒక్క టేబుల్ మీద పెట్టి చూడాలి.

చంపావతి టీచర్ | ఆదివారం, సాయంత్రం 4:20

నేను ఒకటి అడగొచ్చా? ఎస్టిమేట్‌కి ముందు ట్రాఫిక్ లెక్కపెడతారంటారు కదా. అందులో మా పిల్లల్ని లెక్కపెడతారా?

సివిల్ ఫైనలియర్ | ఆదివారం, సాయంత్రం 5:05

ప్రత్యేకంగా అడిగితే తప్ప పెట్టరు మేడమ్. మామూలుగా ఏడు రోజులు, రాత్రింబవళ్ళు బండ్లని రకాల వారీగా లెక్కిస్తారు. తర్వాత అన్నింటినీ కారు లెక్కలోకి మారుస్తారు, పీసీయూ అంటారు. యాభై మంది ఉన్న బస్సు ఆ పట్టికలో రెండు మూడు కార్లతో సమానం. నడిచేవాళ్ళని, రోడ్డు దాటేవాళ్ళని వేరే లెక్కించాలి. ఆ లెక్క లేకపోతే జీబ్రా గీతకి కారణం ఏదని అడుగుతారు.

స్కూలు దగ్గర రోడ్డుని కొంచెం ఎత్తు చేసి దాని మీదే జీబ్రా గీయమని అడుగుదాం. ఐఆర్‌సీ కొలత ప్రకారం హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. నెమ్మదిగా వెళ్ళే బండికి కుదుపు ఉండదు. ఇప్పుడు వీధుల్లో వేస్తున్న నిటారు దిమ్మల వల్ల నడుములు పోతున్నాయి. నడకదారి కూడా 15 సెంటీమీటర్లకి మించి ఎత్తు ఉండకూడదు. మోకాలెత్తు కడితే మా అమ్మమ్మ ఎక్కదు, రోడ్డు మీదే నడుస్తుంది.

బస్ స్టాపులు జంక్షన్‌కి ముందు కాకుండా దాటాక పెడితే తిరిగే బండ్లకి అడ్డం రావు. అదీ రాస్తున్నాను.

హైదరాబాద్‌లో ఉన్న మనూరోడు | ఆదివారం, సాయంత్రం 6:30

మొత్తం చదివాను. కిరాణా కొట్టు అన్నకి క్షమాపణ. నేను సంవత్సరానికి నాలుగు రోజులు ఆ రోడ్డు మీద ఉంటాను, మీరు మూడొందల అరవై రోజులు. అర్జీ టైప్ చేయడం, గ్రామ పటం మీద గెడ్డ ఎక్కడుందో శాటిలైట్ ఫొటో మీద గీసి చూపడం నాకు వచ్చిన పని. అది నేను చేస్తాను.

కిరాణా కొట్టు | ఆదివారం, సాయంత్రం 6:44

పర్వాలేదు తమ్ముడూ. నువ్వు గీసి పంపు, కలర్ ప్రింట్లు నా ఖర్చు. నిన్న సాయంత్రం మాస్టారు దరఖాస్తు రాసిచ్చారు, రేపు ఇస్తున్నాను.

దాసన్నపేట కుర్రాడు | ఆదివారం, రాత్రి 9:10

అందరికీ దండాలు. రేపు అర్జీ ఇవ్వడం లేదు. ఒక వారం ఆగుదాం. లెక్కలు లేకుండా వెళ్తే మళ్ళీ గోతులు పూడ్చి పంపేస్తారు.

మంగళ, బుధ, గురువారాల్లో లెక్కపెడదాం. స్కూలు గేటు దగ్గర ఉదయం ఎనిమిదిన్నర నుంచి పది, సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర. టీచర్ గారు, వేపచెట్టు అక్క. బస్ స్టాపు దగ్గర ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు: నేను, ఫైనలియర్. ఆటోస్టాండ్ అన్న వాళ్ళు ఎక్కడెక్కడ ఎక్కువసార్లు ఆపాల్సి వస్తుందో రాసి ఇస్తామన్నారు. గడప అమ్మగారు తమ వరసలో ఇళ్ళన్నీ తిరిగి, రోడ్డు కంటే గడప ఎంత కిందుందో కొలిపిస్తారు. సర్వే మాస్టారు ఎఫ్‌ఎంబీ నకలుకి పెడుతున్నారు.

అర్జీ మొదటి వాక్యం మాత్రం రాసేశాను, చూడండి: "నెల్లిమర్ల రోడ్డు పునర్నిర్మాణానికి ఎస్టిమేట్ వేసేముందు వాన నీళ్ళు ఎటు నుంచి వచ్చి ఎటు పోవాలో తేల్చి, రోడ్డు వెంట నడిచేవాళ్ళని, దాటేవాళ్ళని, బస్సు కోసం నిలబడేవాళ్ళని కూడా లెక్కించాలని కోరుతున్నాం."

నాన్నగారికి కట్టు ఇంకో పది రోజుల్లో విప్పుతారు ఇన్‌స్పెక్టర్ గారూ. మొదటి రోజు అడిగారు, చెప్పడం మరిచిపోయాను. లెక్కపెట్టడానికి ఆయన కూడా వస్తానంటున్నారు, ఎడమ చేత్తో గీతలు పెడతారట.

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్ | ఆదివారం, రాత్రి 9:32

తీసుకురా బాబూ, కుర్చీ వేద్దాం. బుధవారం వాన పడొచ్చంటున్నారు. పడితే ఎవరూ ఇంటికి పోవద్దు, గొడుగులు తెచ్చుకోండి. నేను సుద్దముక్కలు తెస్తాను. నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో, ఎటు మళ్ళుతున్నాయో గోడల మీద గుర్తులు పెట్టి ఫొటోలు తీద్దాం.